పేరు చెప్పని ఉపన్యాసం

హాలంతా ఒక్కసారే వెనక్కి తిరిగింది. నేను వేదిక మీద కూర్చున్నాను కాబట్టి నాకు బాగా కనిపించింది. అప్పటిదాకా మావైపున్న ముఖాలన్నీ పోయి, వాటి స్థానంలో జడలూ బట్టతలలూ వచ్చాయి. అందరూ చూస్తున్నది వెనక గోడవారగా వేసిన భోజనాల బల్లల వైపు. అక్కడ ఒక అమ్మాయి పులిహోర మీది మూత తీస్తూ తీస్తూ ఆగిపోయింది. ఫిబ్రవరి అంటే ఇక్కడ నడివేసవి, ఆక్లండ్‌లో ఉక్కపోతకు పెట్టింది పేరు. అయినా ఆమె మణికట్టు దాకా పొడుగు చేతుల చొక్కా వేసుకుంది. మూత ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది.

మైకు ముందు ఆయన మంచినీళ్ళ సీసా తీసుకుని ఒక గుక్క తాగారు.

ఆ రోజు మా తెలుగు సంఘం అధ్యక్ష ఎన్నిక. పోటీలో ఇద్దరు. మొదట మాట్లాడినావిడ అకౌంటెంటు. ఫోన్లో రాసుకొచ్చింది చూసి చదివింది. పిల్లల తెలుగు తరగతులకు టీచర్లు కావాలి, కొత్తగా దిగినవాళ్ళు మొదటి నెల తలదాచుకోవడానికి ఒక గది కావాలి, హాలు ముందుగా బుక్ చేసుకుంటే అద్దె తగ్గుతుంది. అన్నీ పనికొచ్చే మాటలే. జనం వాచీలు చూసుకున్నారు. రెండో అభ్యర్థి ఆయన. ఒక్కొక్కరికి పది నిమిషాలు. ఏ పక్షమూ కానివాణ్ణని గంట కొట్టే పని నాకిచ్చారు. ఆయన మాట్లాడుతుండగా గంట కొట్టాను. గుళ్ళోకి చెప్పులతో వచ్చినవాణ్ణి చూసినట్టు చూశారు జనం నన్ను.

ఆయన అన్నది ఇది. తర్వాత చాలాసార్లు వినాల్సి వచ్చింది కాబట్టి మాటలు దాదాపు అవే.

"పేరు చెప్పను. చెప్పకూడదు. ఒక ఆడపిల్ల. ఫలానా ఊరు పిల్ల. చదువుకోవడానికి వచ్చింది, చదువుకుంది. ఈ గడ్డ మీద, మన తెలుగువాడి వంటింట్లోనే, కాగే నూనె ఆ బిడ్డ చేతి మీద పడింది. డాక్టరు దగ్గర ఏం చెప్పమన్నారో తెలుసా? ఇంట్లో దోసెలు పోస్తుంటే కాలిందని చెప్పమన్నారు. చెప్పింది. ఎందుకు చెప్పింది? వీసా అమ్మా, వీసా. రేపు ఆ బిడ్డ పక్కన నేను నిలబడతాను. మీరు నా పక్కన నిలబడతారా?"

ఫలానా ఊరు అని నేను రాశాను. ఆయన ఊరి పేరే చెప్పారు. కొండ కింద చిన్న ఊరు. ఆక్లండ్ మొత్తం మీద ఆ ఊరివాళ్ళు ఆ అమ్మాయి తప్ప ఇంకొకరు లేరు. మనం ఎవరిని కలిసినా మొదట అడిగేది ఊరే కదా. ఆ హాల్లో ఉన్నవాళ్ళలో సగం మందికి ఆమె పేరు తెలియదు. పులిహోర వడ్డిస్తుంటే పళ్ళెం పట్టుకుని ఏ ఊరమ్మా అని మాత్రం అందరూ అడిగినవాళ్ళే. అందుకే తలలు అంత సులువుగా తిరిగాయి.

ఒక్క తల మాత్రం తిరగలేదు. మొదటి వరసలో, ఆ రోజు భోజనాలు స్పాన్సర్ చేసిన రెస్టారెంటు యజమాని, తల వంచి ఫోను చూసుకుంటున్నాడు. ఆ అమ్మాయి పనిచేసేది అతని దగ్గరే.

తర్వాత అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన భారీగా గెలిచారు.

క్రితం నెల ఆయన గుండెపోటుతో పోయారు. సంతాప సంచికకు నాలుగు మంచి మాటలు రాసిపెట్టమని సంఘంవాళ్ళు అడిగారు. విజయవాడలో ఒక దినపత్రిక డెస్కులో పనిచేసి, నా భార్య ఉద్యోగం వెంట ఇక్కడికి వచ్చినవాణ్ణి. చనిపోయినవాళ్ళ గురించి రాయడం నాకు కొత్త కాదు. అడిగిన నాలుగు మాటలు రాయడానికి రెండుసార్లు కూర్చున్నాను, కలం సాగలేదు. ఇవి వేరే మాటలు. సంచికలో వెయ్యరని తెలుసు.

ఆయన్ని అంకుల్ అంటే ఒప్పుకునేవారు కాదు. అంకుల్ ఏంటమ్మా పరాయివాడిలా, బాబాయ్ అను, అనేవారు. ఇక్కడ పుట్టిన పిల్లలు కూడా ఇంగ్లీషు వాక్యం మధ్యలో బాబాయ్ అని ఇరికించి పిలిచేవాళ్ళు. కరీంనగర్ కుర్రాడు ఎదురైతే "ఏం తమ్మీ, మంచిగున్నవా" అనేవారు. కడపాయన కనిపిస్తే "ఏమప్పా, బాగుండావా" అనేవారు. శ్రీకాకుళం ఇల్లాలితో మాట్లాడితే ఆ యాస ఆవిడకంటే చక్కగా వచ్చేది. ఎవరి ఊరు అడిగినా దాని పక్క ఊళ్ళో ఆయనకు మేనమామో, పెదనాన్నో, కాలేజీ స్నేహితుడో ఉండేవాడు. ఆయన సొంత ఊరు ఏదని నేను నలుగురిని అడిగాను. నలుగురూ తమ జిల్లాయే చెప్పారు.

అయితే ఆయన అసలు ప్రతిభ మాట్లాడటంలో లేదు, వినడంలో ఉంది. ఎవరింట్లోనైనా కష్టం వచ్చిందని తెలిస్తే ముందుగా వచ్చే కారు ఆయనదే. మా ఫ్లాట్ బుష్ పేటలో ఆ వీధి నుంచి ఈ వీధికి వెళ్ళాలన్నా కారు తియ్యాల్సిందే. ఆయన ఎవరినీ రమ్మనేవారు కాదు, తానే వెళ్ళేవారు. వెళ్ళి, సోఫాలో కాకుండా డైనింగు కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చునేవారు. ఫోను బోర్లించి బల్ల మీద పెట్టేవారు. కళ్ళజోడు తీసి దాని మీద పెట్టేవారు. ఇక వినేవారు. సలహా ఇచ్చేవారు కాదు. మధ్యలో ఒక్కో ప్రశ్న. అప్పుడు మీ అమ్మగారు ఏమన్నారు? ఆ పూట ఏం వండారు? ఆ చీర ఏ రంగు? నేను చూసిన మంచి రిపోర్టర్లు అడిగే ప్రశ్నలు అవి. చెప్పేవాళ్ళకు గుండె బరువు దిగిపోయేది.

నా భార్య నర్సు. ఆమె ఒకసారి ఆయన్ని ఒక ఇంట్లో చూసి వచ్చి, "డాక్టర్లు కూడా అంత శ్రద్ధగా వినరండీ, నాకెందుకో భయమేసింది" అంది.

ఎందుకు భయమేసిందో ఆ ఏడాది దీపావళి సభలో తెలిసింది. వీడియో కాల్‌లో నానమ్మ మాట్లాడుతుంటే మనవరాలికి అర్థమై కూడా తెలుగులో జవాబు చెప్పలేక ఫోను పక్కన పెట్టి వెళ్ళిపోయిన సంగతి ఆయన వేదిక మీద చెప్పారు. నానమ్మ కట్టుకున్న చీర రంగుతో సహా. ఆ కుటుంబం మూడో వరసలో ఉంది. తల్లి తల దించుకుంది. తండ్రి మాత్రం పక్కాయన చెవిలో, అది మా కథే, అని చెప్పుకున్నాడు. అప్పటినుంచి కొందరు తమ కష్టం ఆయనకు చెప్పుకోవడానికి ఎదురుచూడటం కూడా గమనించాను. కాబట్టి తప్పంతా ఆయనదే అనలేను. కొనేవాళ్ళుంటేనే అంగడి.

వరదల్లో, ప్రమాదాల్లో, ఏడుస్తున్న ఆడవాళ్ళ భుజాల మీద చేతులు వేసి కెమెరా ఎక్కడుందా అని ఓరగా చూసే నాయకుల్ని నా ఉద్యోగంలో బోలెడంత మందిని చూశాను. డెస్కులో ఆ ఫొటోలు వస్తే నవ్వుకునేవాళ్ళం. ఈయన కెమెరా కోసం చూసే రకం కాదు. ఆయన కళ్ళల్లో నీళ్ళు నిజమైనవే. వేదిక మీద ఏడిచినప్పుడూ నిజంగానే ఏడ్చేవారు. నాకు ఎక్కువ రోత పుట్టించింది అదే. దొంగ ఏడుపైతే ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోతుంది.

ఎన్నికకు కొద్ది రోజుల ముందు నగరానికి ఆ చివరనున్న ఆల్బనీలో ఒకరి గృహప్రవేశానికి ఆయన కార్లో వెళ్ళాను. మోటర్‌వే ఎక్కగానే ఆయన ఉపన్యాసం సాధన మొదలైంది. స్టీరింగు మీద ఒక చెయ్యే ఉంది. రెండోది గాలిలో ఓటర్లను పిలుస్తోంది. పక్క లేనులో వెళ్తున్న ఈ దేశపు కివీ ఆవిడ, మేమిద్దరం కొట్టుకుంటున్నామనుకుందో ఏమో, నా వైపు జాలిగా చూసింది. వంతెన దగ్గర ట్రాఫిక్ ఆగింది. అప్పుడు ఆయన నన్ను అడిగారు.

"నీళ్ళు ఎక్కడ తాగమంటారు?"

"దాహం వేసినప్పుడు" అన్నాను.

ఆయన గట్టిగా నవ్వారు. "మీరు పేపరాయన. మీకు కామా ఉంది. నాకు ఆ సీసాయే ఉంది. ఏడిపించే మాటకు ముందు తాగితే గొంతు ఆరిందనుకుంటారు. తర్వాత తాగితే, పాపం ఏడుపు మింగుకుంటున్నాడు అనుకుంటారు. తర్వాతే మంచిదండీ."

పోటీ చేస్తున్నావిడ గురించి అడిగాను. ఆయన ఆవిణ్ణి ఒక్క మాట తక్కువ చెయ్యలేదు. మంచి పనిమంతురాలన్నారు. కానీ పనికి ఓటెవరు వేస్తారండీ, ఇంటికెళ్ళి పడుకున్నాక కూడా గుర్తొచ్చే మాటకు వేస్తారు, అన్నారు. అలాంటి మాట తన దగ్గర ఈసారి ఒకటి ఉందన్నారు. ఏమిటని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆ మాట ఎలా దొరికిందో తర్వాత ఆ అమ్మాయి చెబితే తెలిసింది. ఎన్నికల రోజు భోజనాల్లోకి ఏమేం చెయ్యాలో మాట్లాడటానికి ఆయన రెస్టారెంటుకు వెళ్ళారు. బాబాయ్ కదా, తిన్నగా వంటింట్లోకే వెళ్ళారు. సరిగ్గా అప్పుడే ఆమె చెయ్యి కాలింది. కుళాయి కింద చెయ్యి పెట్టి ఏడుస్తుంటే, ఇంట్లో కాలిందని చెప్పు, పని చోట అంటే ఇన్‌స్పెక్షన్లు వస్తాయి, నీ రెసిడెన్సీ కాగితాలు కూడా నా చేతిలోనే ఉన్నాయి, అని యజమాని అనడం ఆయన చెవులారా విన్నారు. ఆమె వీసా ఆ యజమానికి కట్టేసి ఉంది. అతని దగ్గర పని మానేస్తే దేశంలో ఉండే హక్కు పోతుంది. రెండు రోజుల తర్వాత ఆయన పళ్ళు పట్టుకుని ఆమె ఉండే ఫ్లాట్‌కు వెళ్ళారు. కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. ఫోను బోర్లించారు. ఆమె అంతా చెప్పింది. ఎవరికీ చెప్పొద్దు బాబాయ్ అని కూడా చెప్పింది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేశారట.

ఉపన్యాసం అయిన మర్నాటి నుంచి డ్యూటీల రోస్టర్‌లో ఆమె పేరు లేదు. యజమాని అరవలేదు, తిట్టలేదు. నలుగురిలో నన్ను దొంగను చేశావు, ఇక నా కిచెన్‌లో నీకు పని లేదు, అని మెసేజ్ పెట్టాడు. ఆమె ఏడ్చి ఏడ్చి, చివరికి ఎవరో చెబితే కార్మిక శాఖకు ఫిర్యాదు చేసింది. దోపిడీకి గురైనవాళ్ళకు ఇచ్చే తాత్కాలిక వీసా ఒకటి ఉంది ఇక్కడ. అది వచ్చింది. విచారణ మొదలైంది. అప్పుడు డాక్టరు రికార్డు బయటికి వచ్చింది. ఇంట్లో కాలిందని ఆమె తన నోటితోనే చెప్పి ఉంది. అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెబుతున్నది అబద్ధమా అని రాజధాని వెల్లింగ్టన్ నుంచి ఫోన్ చేసిన అధికారి మర్యాదగానే అడిగాడు. వంటింట్లో ఆ సమయంలో ఇంకా ఇద్దరు వంటవాళ్ళున్నారు. వాళ్ళ వీసాలూ అదే యజమానికి కట్టేసి ఉన్నాయి. ఒకడు సరుకులు దాచే కోల్డ్ రూములో ఉన్నానన్నాడు. రెండోవాడు ఫోనే ఎత్తలేదు. చూసినవాళ్ళలో, విన్నవాళ్ళలో, ఎవరికీ భయపడనక్కర్లేనివారు ఈ దేశంలో ఒక్కరే. ఆయన.

నేను ఆయన ఇంటికి వెళ్ళాను. శనివారం. గ్యారేజీలో సంఘం మడత కుర్చీలు తుడుచుకుంటున్నారు. ఎదురొచ్చి నాకొక కుర్చీ వేశారు. ఆ అమ్మాయి పని పోయిందని చెప్పాను. నిజంగానే బాధపడ్డారు. అయ్యో, బంగారం లాంటి పిల్ల, అన్నారు. మీ ఉపన్యాసం వల్లే పోయిందన్నాను. ఆయనకు అర్థం కాలేదు.

"పేరు చెప్పానా అండీ నేను?"

"ఊరు చెప్పారు."

"ఊరు చెప్పకుండా మనిషి గురించి ఎలా చెబుతామండీ? ఊరు లేకపోతే ఆ కథ ఎవరిదైనా కావచ్చు. కళ్ళ ముందుకు మనిషి రావద్దా?"

వచ్చిందన్నాను. పులిహోర దగ్గర నిలబడి ఉందన్నాను.

ఆయన తుడుస్తున్న గుడ్డ భుజాన వేసుకుని కొంచెంసేపు ఆలోచించారు. తప్పు ఎక్కడుందో వెతుకుతున్నారనుకున్నాను. తలెత్తి, "హాలు హాలంతా లేచి నిలబడిందండీ ఆ పిల్ల కోసం. ఎవరి కోసం నిలబడతారు చెప్పండి ఈ రోజుల్లో?" అన్నారు. కళ్ళల్లో నీళ్ళు. నాకు అక్కణ్ణుంచి లేచి వచ్చెయ్యాలనిపించింది. కానీ వెళ్ళిన పని ఉంది. వంటింట్లో చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు అధికారికి చెబితే చాలన్నాను. తప్పకుండా చెబుతాననీ, అంత మాత్రం చెయ్యనా అనీ, ఉగాది ఒక్కటీ కానివ్వమనీ అన్నారు.

ఉగాదికి భోజనాలు ఆ రెస్టారెంటు నుంచే వచ్చాయి. మిగతావాళ్ళు ధర ఎక్కువ చెప్పారట.

ఉగాది అయ్యాక, అతనూ మనవాడే కదా, ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడదాం, తెలుగువాళ్ళ గొడవ తెల్లవాళ్ళ దగ్గరికి ఎందుకన్నారు. ఆ తర్వాత పిల్లల పాటల పోటీలన్నారు. ఆ అమ్మాయి ఫోన్ చేసిన ప్రతిసారీ ఎత్తేవారు. బంగారం, తిన్నావా, అని మొదట అదే అడిగేవారు. ఒక్కసారి కూడా కాదనలేదు.

"కాదన్నా బావుండేది అంకుల్" అని ఆమె నాతో అంది. "ఆయన మీద ఆశ వదిలేసుకుని ఇంకేదైనా చూసుకునేదాన్ని. ప్రతిసారీ వచ్చే వారం అంటారు. ఆ మాట ఎంత ప్రేమగా అంటారంటే, ఫోను పెట్టేశాక కాసేపు నాకు ధైర్యంగా కూడా ఉంటుంది."

చలికాలం మొదట్లో ఆల్బనీలో విద్యార్థుల సభ జరిగింది. నేనూ వెళ్ళాను. కొత్తగా వచ్చిన పిల్లలు, సెటిల్ అవ్వడం ఎలాగో ఎవరైనా చెబుతారేమోనని కూర్చున్నారు. ఆయన ఆ కథే మళ్ళీ చెప్పారు. ఈసారి చివర మారింది. ఆ బిడ్డ ఇప్పుడు పోరాడుతోంది, ఆ బిడ్డ వెనక మన సంఘం కొండలా ఉంది, అన్నారు. ఊరి పేరు మళ్ళీ చెప్పారు. నీళ్ళు తాగారు. పిల్లలు ఏడ్చారు. కిందికి దిగి వస్తూ నన్ను చూసి, ఎలా ఉంది అన్నట్టు కనుబొమలు ఎగరేశారు. నేను నమస్కారం పెట్టలేదు. ఆయన గమనించారో లేదో తెలియదు. చుట్టూ అప్పటికే సెల్ఫీలవాళ్ళున్నారు.

అధికారికి ఏమీ చెప్పకుండానే పోయారు.

సంతాప సభ అదే హాల్లో పెట్టారు. మాట్లాడినవాళ్ళంతా ఆయన ఎంత బాగా వినేవారో చెప్పారు. యజమాని కూడా మాట్లాడాడు, క్లుప్తంగా, బాబాయ్ లేని లోటు తీరదని. తర్వాత తెర దించి, ఆయన గొప్ప ఉపన్యాసమని, ఫిబ్రవరి నాటి వీడియో వేశారు. పేరు చెప్పను, చెప్పకూడదు, అని ఆయన గొంతు మళ్ళీ హాలంతా నిండింది. అప్పుడు ఏడ్చినచోటే జనం మళ్ళీ ఏడ్చారు. నా వెనక వరసలో ఒకావిడ, ఇంతకీ ఆ పిల్ల ఏమైందో, అని పక్కావిణ్ణి అడిగింది. రెసిడెన్సీ వచ్చేసే ఉంటుందిలే, బాబాయ్ ఊరుకుంటారా, అంది పక్కావిడ. నేను వెనక్కి తిరిగి, రాలేదండీ, సాక్ష్యం లేదు, అన్నాను. ఇద్దరూ నా వైపు చూసి, చూపు తెర మీదికి మళ్ళించారు.

ఆ వీడియో సాక్ష్యంగా పనికొస్తుందేమోనని ఆ అమ్మాయి అడిగితే, ఇంగ్లీషులోకి తర్జుమా చేసి ఇచ్చాను. అధికారి చదివి ఫోన్ చేశాడు. వివరాలన్నీ బలంగా ఉన్నాయన్నాడు, కానీ ఇందులో ఆమె పేరు ఎక్కడుందని అడిగాడు. ఊరి సంగతి చెప్పాను. హాలంతా వెనక్కి తిరిగిందని చెప్పాను. అలా తిరిగినవాళ్ళలో ఎవరైనా ఆమెవైపే చూశామని సంతకం చేసి ఇస్తారా అన్నాడు. నాది ఇచ్చాను. మీరు విన్నది ఉపన్యాసమే కదా, అది బలహీనమే, ఇంకొందరు ఉంటే మంచిదన్నాడు. తెలిసినవాళ్ళందరినీ అడిగాను. ఆ టైములో పిల్లాణ్ణి బయటికి తీసుకెళ్ళామన్నారు కొందరు. కారు పార్కింగులో ఉన్నామన్నారు ఇంకొందరు. మొదటి వరసలో కూర్చుని కళ్ళు తుడుచుకున్న ఒక పెద్దాయన, ఎవరి గురించి చెబుతున్నారో తనకు ఈనాటికీ తెలియదన్నాడు.

ఇది రాసేముందు ఆమెను అడిగాను. ఊరు మాత్రం రాయకండి అంకుల్ అంది. రాయలేదు. ఆమె ఇప్పుడు ఆల్బనీలో స్నేహితురాలి ఫ్లాట్‌లో ఉంటోంది. తాత్కాలిక వీసా గడువు దగ్గర పడుతోంది. విచారణ మూసెయ్యలేదు, తేల్చనూ లేదు. డాక్టరు రికార్డులో ఆ చెయ్యి ఇప్పటికీ ఇంట్లో దోసెలు పోస్తుంటే కాలిందనే ఉంది.